డంజన్ మ్యాప్ ఎవరు గీయాలి: డీఎమ్మా, ప్లేయర్లా?

కొత్తకోట_డీఎం
బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంట్లో ప్రతి ఆదివారం డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, మాటలతో, పాచికలతో ఆడే కథల ఆట) ఆడుతున్నాం. ఐదో ఎడిషన్. నేను డీఎం (డంజన్ మాస్టర్, అంటే ఆట నడిపించేవాణ్ణి), ఇంకా ఐదుగురు ప్లేయర్లు. అందరం తెలుగువాళ్ళమే, ఆట కూడా తెలుగులోనే. ఇప్పటిదాకా టీవీని బల్ల మీద పడుకోబెట్టి డంజన్ (క్యారెక్టర్లు తిరిగే గదులు, నడవాల చోటు) రంగుల మ్యాప్ పెట్టేవాణ్ణి. వాళ్ళు నడిచేకొద్దీ నల్ల తెర తీసేవాణ్ణి. చూడటానికి బాగానే ఉంటుంది, కానీ దారి గురించి ఒక్కరూ ఆలోచించరు. తెర జరగగానే "అదిగో తలుపు, అటు పద" అంటారు. దారి తప్పడం, వచ్చిన దారి గుర్తుపెట్టుకోవడం, ఈ రెండు గదుల మధ్య ఇంత మందం గోడ ఎందుకుందని అనుమానపడటం, ఏదీ లేదు.

అందుకని పోయిన వారం టీవీ తీసేసి గళ్ళ కాగితం, పెన్సిల్ వాళ్ళ చేతికిచ్చి "నేను చెప్తాను, మీరు గీసుకోండి" అన్నాను. ఇక ఒకటే గొడవ. "ముప్పై అడుగులు పోయాక తిరగాలా, తిరిగాక ముప్పై అడుగులా?" ఒకమ్మాయి గీస్తుంటే మిగతా నలుగురు ఫోన్లు చూసుకున్నారు. ఒకడైతే "మా క్యారెక్టర్లకి కళ్ళున్నాయి కదా, వాళ్ళకి కనిపించేది మాకెందుకు చూపించవు" అన్నాడు. ఆ మాట న్యాయంగానే ఉంది.

మీ బల్ల మీద మ్యాప్ ఎవరు గీస్తారు? ప్లేయర్లే గీసే పద్ధతి నడుస్తుంటే ఎలా నడిపిస్తున్నారో చెప్పండి. టీవీకి తిరిగి వెళ్ళాలని నాకు లేదు.

గళ్ళకాగితం
ప్లేయర్లే గీయాలి. 1974లో ఆట వచ్చినప్పటి నుంచీ పద్ధతి అదే: అసలు మ్యాప్ రెఫరీ (డీఎం) దగ్గర, గీసుకున్న మ్యాప్ ప్లేయర్ల దగ్గర. 1981 బేసిక్ రూల్స్‌లో మ్యాపర్ అని ఒక ప్లేయర్‌కి ప్రత్యేకంగా ఆ బాధ్యతే ఉంది.

కానీ దాని వెనక ఒక లెక్క ఉంది, అది వదిలేసి కాగితం ఒక్కటే ఇస్తే నడవదు. ఆ రూల్స్‌లో పది నిమిషాలు ఒక టర్న్. బరువు మోయని మనిషి కూడా టర్న్‌కి 120 అడుగులే నడుస్తాడు, ఎందుకంటే చీకట్లో చూసుకుంటూ, గీసుకుంటూ నడిచే వేగం అది. టార్చ్ (కాగడా) 6 టర్న్‌లు వెలుగుతుంది. రెండు టర్న్‌లకోసారి ఏదైనా ఎదురొస్తుందేమో అని పాచిక వేస్తారు. అంటే దారి తప్పితే టార్చ్ ఖర్చు, టార్చ్ అయిపోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మ్యాప్‌కి విలువ. మీరు టైమ్ లెక్కపెడుతున్నారా?

కొత్తకోట_డీఎం
లేదు. పైగా ముగ్గురికి డార్క్‌విజన్ (చీకట్లో చూసే శక్తి) ఉంది, టార్చ్ ఎవరూ వెలిగించరు.

రూల్స్‌బుక్
డార్క్‌విజన్ ఉంటే చీకటి పోదు, మసక వెలుతురులా కనిపిస్తుంది అంతే. కళ్ళతో వెతికే పర్సెప్షన్ (గమనించే) చెక్‌లన్నీ డిసడ్వాంటేజ్‌తో (రెండు పాచికల్లో తక్కువది తీసుకుని) వేయాలి, పాసివ్ పర్సెప్షన్ (పాచిక వేయకుండా లెక్కపెట్టే గమనింపు) 5 తగ్గుతుంది. రంగులు తెలియవు. ఇది ఒక్కటి అమలు చేసి చూడండి, వాళ్ళే టార్చ్ కొంటారు.

ఇంకొకటి. 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ప్రకారం ప్రయాణంలో మ్యాప్ గీస్తున్న క్యారెక్టర్ ప్రమాదాలు పసిగట్టడంలో లెక్కలోకి రాదు. కాబట్టి బల్ల మీద పెన్సిల్ ఎవరి చేతిలో ఉందన్నది కాక, ఆటలో కలం ఎవరి చేతిలో ఉందని అడగండి.

టీవీబల్ల
నేను ఒప్పుకోను. 1974లో వేరే దారి లేక కాగితం వాడారు, ఇప్పుడు దారి ఉంది. మా ఆటకి ఒకరు వైట్‌ఫీల్డ్ నుంచి, ఒకరు కెంగేరి నుంచి వస్తారు. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటి వచ్చిన మనిషికి "నలభై అడుగులు, తర్వాత వాయవ్యం వైపు ఏటవాలు గోడ" అని చెప్పి గీయమంటే నాకు మనసొప్పదు. వారానికి దొరికేది మూడు గంటలు. ఆ టైమ్‌లో వాళ్ళు మాట్లాడాలి, కొట్లాడాలి, నవ్వాలి.

పోరాటం వచ్చిందంటే గడి గడీ లెక్కే. గడికి 5 అడుగులు. ఫైర్‌బాల్ మంత్రం 20 అడుగుల వ్యాసార్థం. ఎవరు లోపల, ఎవరు బయట అన్నది నోటిమాటతో తేలదు. మ్యాప్ కళ్ళ ముందు ఉండాల్సిందే.

పాచికలమ్మ
@టీవీబల్ల పోరాటానికి గడులు కావాలి, నిజమే. ఆయన అడిగింది దారి వెతకడం గురించి. ఆ రెండూ వేరు వేరు మ్యాప్‌లు, ఒకదాని పని ఇంకోటి చేయదు.

మా బల్ల మీద మ్యాపర్‌ని నేనే. బీటీఎంలో ఆడతాం, మా అన్న డీఎం. నాకు గీయడం విసుగనిపించదు. డీఎం కొలతలు ఇష్టం వచ్చిన వరుసలో చదివితే విసుగు. మా అన్న ఎప్పుడూ ఒకే వరుసలో చెప్తాడు: ముందు ఆకారం, తర్వాత పొడవు వెడల్పు, మేం వచ్చిన వైపు, మిగతా దారులు. "చదరం గది, 30 అడుగులు. దక్షిణం నుంచి వచ్చారు. తూర్పు గోడ మధ్యలో తలుపు. ఉత్తరం గోడకి పడమటి చివర సందు." గదిలో ఏముందో ఆ తర్వాతే. ముందే శవపేటిక గురించి చెప్తే ఇంక తలుపుల మాట ఎవరికీ ఎక్కదు. కుడి, ఎడమ అసలు వాడడు. ఎవరు ఎటు తిరిగి నిలబడ్డారో ఒక్కొక్కరి మనసులో ఒక్కోలా ఉంటుంది, గొడవంతా అక్కడే మొదలవుతుంది.

మీ ఫ్రెండ్ అడిగిన కళ్ళ ప్రశ్నకి కూడా జవాబు ఉంది. నేను తప్పు గీస్తున్నప్పుడు, అక్కడ నిలబడ్డ మనిషి కంటికి తెలిసిపోయే తప్పయితే మా అన్న వెంటనే కాగితం మీద వేలు పెట్టి "గోడ ఇక్కడిదాకా" అంటాడు. తెలియకుండా కిందికి వాలే నడవా, లోపలుండగానే తిరిగిపోయే గది, ఇలాంటివి మాత్రం చెప్పడు. కనిపించేది దాచకూడదు, కనిపించనిది చెప్పకూడదు.

ఒకసారి కోట కింది అంతస్తు గీస్తుంటే మధ్యలో నాలుగు గడుల ఖాళీ మిగిలింది. నాలుగు వైపులా గదులున్నాయి, దానికి మాత్రం ఏ తలుపూ లేదు. దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి కాగితం బల్ల మధ్యకి తోశాను. అందరూ ఫోన్లు పక్కన పడేసి దాని మీదికి వంగారు. టీవీ మీదైతే ఆ చోటు ఎప్పుడూ ఉండే నలుపులో కలిసిపోయేది.

రూపాయిబిళ్ళ
ఏముంది అక్కా అందులో?

పాచికలమ్మ
బావి. నీళ్ళ అడుగున మెట్లున్నాయి. ఇంకా దిగలేదు.

వాయవ్యం
కొలతల బాధ సగానికి తగ్గించే దారి ఒకటుంది. కట్టడానికి ఒక పద్ధతి ఉంటే ప్లేయర్ల తలలో మ్యాప్ ముందే సగం తయారై ఉంటుంది. విదేశీ కోటలు, మఠాలు పెడితే మనవాళ్ళకి ఏ గది పక్కన ఏది ఉండాలో తెలియదు, అందుకే ప్రతి అడుగూ చెప్పాల్సి వస్తుంది. అదే పాడుబడ్డ గుడి పెట్టండి. తూర్పున గోపురం, ధ్వజస్తంభం, మండపం, అంతరాళం, గర్భగుడి, చుట్టూ ప్రదక్షిణ దారి. ఒక్క మాటతో సగం గీసేస్తారు. మీరు చెప్పాల్సింది మామూలుకి తేడాగా ఉన్నవి మాత్రమే, ఆ తేడాలే ఆటకి పనికొచ్చే ఆధారాలు.

మా ఆటలో తూర్పు ముఖం గుడి పెట్టాను. తూర్పు ముఖం గుడిలో అభిషేకం నీళ్ళు ఉత్తరం గోడ నుంచి బయటికి వస్తాయి కదా. ప్లేయర్లు చుట్టూ తిరుగుతూ ఉత్తరం తూము గీశారు. దక్షిణం గోడకి ఇంకో తూము ఉందని, అది తడిగా ఉందని చెప్పాను. ఒకతను పెన్సిల్ ఆపి "ఇది ఇక్కడ ఉండకూడదే" అన్నాడు. లోపల ఇంకో నీళ్ళ చోటు ఉందని వాళ్ళంతట వాళ్ళే తేల్చుకున్నారు. నేను ఏ పాచికా వేయించలేదు.

ఇళ్ళకి వాస్తు. నమ్మినా నమ్మకపోయినా బెంగళూరులో అద్దెకి ఫ్లాట్ వెతికిన ప్రతి తెలుగువాడికీ ఆగ్నేయం అంటే వంటిల్లని, ఈశాన్యం అంటే బావి లేదా పూజగది అని తెలుసు. పాత జమీందారు మేడలో నైరుతి గది దొరికితే చాలు, అది యజమానిదని వెతకడం మొదలుపెడతారు. కోటయితే ద్వారం దాటగానే దారి మలుపు తిరగాలి, ఏనుగులు నేరుగా పరుగెత్తి రెండో తలుపు గుద్దకుండా. ఈ కారణాలు తెలిసిన మనుషులు గీసే మ్యాప్ వేరే స్థాయిలో ఉంటుంది.

టీవీబల్ల
@వాయవ్యం ఇది నిజంగా బాగుంది. నా గుళ్ళన్నీ ఒక ఇంగ్లీష్ సైట్‌లోవి. ఇక మారుస్తాను. టీవీ మాత్రం తీయను.

థ్రేసియా_అభిమాని
గీయడానికి తగిన డంజన్ ఉందా అన్నది ముందు చూసుకోవాలి. గది తర్వాత గది వరుసగా ఉంటే మ్యాప్ ఎందుకు? వెనక్కి తిరిగితే బయటికి వచ్చేస్తారు. @కొత్తకోట_డీఎం మీ డంజన్‌లో పై అంతస్తు నుంచి కింది అంతస్తుకి ఎన్ని దారులున్నాయి? లోపలికి రావడానికి ఎన్ని?

కొత్తకోట_డీఎం
లోపలికి ఒకటి. కిందికి ఒక మెట్ల దారి.

థ్రేసియా_అభిమాని
అయితే ముందు దాన్ని మార్చండి. 1979లో జెన్నెల్ జాక్వేస్ రాసిన కావెర్న్స్ ఆఫ్ థ్రేసియా అనే డంజన్ పుస్తకం చూడండి. ఆవిడ 2024లో పోయారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా డంజన్ గీయడం నేర్చుకునేవాళ్ళని అందరూ దాని దగ్గరికే పంపిస్తారు. లోపలికి రావడానికి ఒకటి కంటే ఎక్కువ దారులు. ఒక అంతస్తులోనే చుట్టు తిరిగి మొదటికి వచ్చే నడవాలు. ఒక అంతస్తు వదిలేసి దాని కిందిదానికి నేరుగా దిగే మార్గాలు. రహస్య మెట్లు.

ఇలా ఉంటే ప్లేయర్లకి ఎంచుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. కావలివాళ్ళున్న ద్వారం దాటాలా, చుట్టూ తిరిగి వెనక నుంచి రావాలా? తప్పించుకునేటప్పుడు ఏ మెట్లు దగ్గర? ఆ ప్రశ్నకి జవాబు కాగితం మీద ఉంటుంది. మ్యాప్ అక్కరకి వచ్చేది అప్పుడే. రెండు దారుల్లో ఏది అని అడగని మ్యాప్‌ని ఎవరు గీసినా ఒకటే, టీవీ మీద పెట్టినా ఒకటే.

నేను కొత్త డంజన్ మొదలుపెట్టేటప్పుడు గదులు గీయను. సున్నాలు, గీతలు. సున్నా ఒక చోటు, గీత ఒక దారి. గీతలతో కనీసం రెండు మూడు చుట్లు ఏర్పడేదాకా కలుపుతూనే ఉంటాను. గోడలు చివర్లో.

గళ్ళకాగితం
పైన చెప్పిందానికి రెండు చేతులా దండం. సున్నాలు గీతల పద్ధతి ప్లేయర్లకి కూడా ఇవ్వొచ్చు. కొలతలతో తంటాలు పడే బల్ల అయితే గళ్ళ కాగితం బదులు తెల్ల కాగితం ఇవ్వండి. సున్నాలో గది పేరు, గీత మీద "తలుపు", "మెట్లు", "పాకుతూ వెళ్ళాలి". నా మనసు గళ్ళ మీదే ఉంటుంది, ఎందుకంటే పాచికలమ్మ గారికి దొరికినట్టు నాలుగు గడుల ఖాళీ సున్నాల్లో దొరకదు. అయినా ఏదీ గీయకుండా ఉండటం కంటే ఇది నయం.

హెక్స్‌పిచ్చి
డంజన్ బయటి సంగతి ఎవరూ ఎత్తలేదు. బయట దారి వెతకడానికి హెక్స్ (ఆరు మూలల గడి) మించింది లేదు. మొదటి డీ అండ్ డీలోనే అడవుల్లో తిరగడానికి అవలాన్ హిల్ వాళ్ళ అవుట్‌డోర్ సర్వైవల్ అనే 1972 ఆట బోర్డు వాడమన్నారు, దాని మీద ఉన్నవి హెక్స్‌లే. చదరం గడిలో మూలగా వెళ్తే నేరుగా వెళ్ళినదానికంటే 1.4 రెట్లు దూరం. హెక్స్‌లో ఆరు వైపులా ఒకే దూరం.

సైజు 6 మైళ్ళు పెట్టుకోండి, దాదాపు 10 కిలోమీటర్లు. ఐదో ఎడిషన్‌లో రోజు నడక మామూలుగా 24 మైళ్ళు, నెమ్మదిగా 18, వేగంగా 30. అంటే 4, 3, 5 హెక్స్‌లు. భిన్నాల గొడవే లేదు. పైగా ఆరడుగుల మనిషికి చదునైన నేల మీద దిగంతం 3 మైళ్ళ దూరంలో ఉంటుంది, హెక్స్ మధ్యలో నిలబడితే ఆ హెక్స్ అంచుల దాకా సరిగ్గా కనిపిస్తుంది. 100 మీటర్ల గుట్ట ఎక్కితే చూపు 36 కిలోమీటర్ల దాకా పోతుంది. అందుకే గుట్ట ఎక్కినవాళ్ళకి చుట్టూ మూడు వరుసల హెక్స్‌ల ఆకారం చెప్తాను. మా ప్లేయర్లు ఇప్పుడు ఏ ఊరికి వెళ్ళినా ముందు ఎత్తైన చోటు ఎక్కడుందని అడుగుతారు.

మెజెస్టిక్ నుంచి వైట్‌ఫీల్డ్ నేరుగా చూస్తే రెండు హెక్స్‌లు.

టీవీబల్ల
ఆ రెండు హెక్స్‌లు దాటడానికి సాయంత్రం పూట ఎంత పడుతుందో ఏ రూల్స్‌లోనూ లేదు.

రూల్స్‌బుక్
ఉంది. డిఫికల్ట్ టెరైన్. వేగం సగం.

చెన్నై_సర్వేయర్
హెక్స్ వాడేవాళ్ళకి ఒక మాట. ఇక్కడ మా ఇంటికి దగ్గర్లోనే సెయింట్ థామస్ మౌంట్. 1802లో విలియం లాంబ్టన్ దేశాన్నంతా కొలిచే త్రికోణ సర్వేకి మొదటి ఆధార రేఖ గీసింది అక్కడే, సుమారు ఏడున్నర మైళ్ళు. గొలుసుతో పడిన కష్టమంతా ఆ రేఖ కోసమే. దాని దూరం, రెండు కోణాలు తెలిస్తే మూడో బిందువు ఎక్కడుందో లెక్క చెప్పేస్తుంది.

దీన్ని ఆటలో పెట్టాను. ప్లేయర్లకి దూరంగా ఒక నల్ల బురుజు కనిపిస్తుంది, ఏ హెక్స్‌లో ఉందో చెప్పను. ఒక గుట్ట మీద నుంచి "సరిగ్గా ఈశాన్యం" అంటాను. వాళ్ళు రెండు రోజులు నడిచి ఇంకో గుట్ట ఎక్కితే "సరిగ్గా ఉత్తరం" అంటాను. స్కేలు పెట్టి రెండు గీతలు గీస్తే కలిసిన చోటే బురుజు. ఆ గీతలు కలిసినప్పుడు వాళ్ళు వేసిన కేకకి పక్క ఫ్లాట్ వాళ్ళు తలుపు కొట్టారు. ప్లేయర్లు గీసే మ్యాప్ ఎందుకని అడిగేవాళ్ళకి ఇదే చూపిస్తాను.

చెరువుగట్టు
అందరూ నదులు, అడవులు గీస్తారు. బెంగళూరులో ఉండి చెరువులు గీయకపోతే ఎలా?

ఈ ఊరికి పెద్ద నది లేదు. సుమారు 900 మీటర్ల ఎత్తున గట్టు మీద ఉంది. పడమర పడ్డ వాన వృషభావతిలో కలిసి అర్కావతికి, అక్కడి నుంచి కావేరికి పోతుంది. ఆగ్నేయం, తూర్పు వైపు పడ్డది బెళ్ళందూరు, వర్తూరు చెరువుల మీదుగా దక్షిణ పినాకినికి. మధ్యలో అంతా గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే అలుగు పారి కాలువ గుండా కింది చెరువుకి. ఇక్కడ వాటిని రాజకాలువలు అంటారు.

థ్రేసియా_అభిమాని చెప్పిన సున్నాలూ గీతలూ ఇవే, నేల మీద ఉన్నాయి. చెరువు సున్నా, కాలువ గీత. ప్రతి చెరువుకీ కట్ట, తూము, అలుగు, ఆయకట్టు, ఒక ఊరు, కట్ట మీద ఒక గ్రామదేవత. పై ఊరివాళ్ళు అలుగు ఎత్తు పెంచారు, కింది ఊరికి నీళ్ళు రావు. కట్ట తెంచాలా, రాజీ చేయాలా, ఎండిన చెరువు తూములోంచి లోపలికి పాకి చూడాలా? ఒక్క గొలుసు గీస్తే నెలల తరబడి ఆట సిద్ధం, రాక్షసుడు అవసరం లేకుండానే. నాకు మ్యాప్ అంటే ఇదే: ఒక చోట చెయ్యి పెడితే ఇంకోచోట ఏం జరుగుతుందో కనిపించాలి.

నదులు గీసేవాళ్ళకి కూడా చెప్తున్నా. నదులు కిందికి పోతూ కలుస్తాయి, చీలవు. ఇంటర్నెట్‌లో కనిపించే ఫాంటసీ మ్యాప్‌లలో సగం ఒక సముద్రం నుంచి ఇంకో సముద్రానికి నది గీసేస్తున్నాయి. మైదానంలో నీళ్ళు కొండ ఎక్కవు.

రూపాయిబిళ్ళ
గోదావరి చీలుతుంది కదా అన్నా?

చెరువుగట్టు
ధవళేశ్వరం దాటాక, సముద్రం దగ్గర డెల్టాలో. గౌతమి, వశిష్ఠ అని అక్కడ చీలడం సహజం, నేల చదునుగా ఉండి ఒండ్రు పేరుకుంటుంది కాబట్టి. కొండల మధ్య చీలిస్తే మాత్రం ఏదో మాయ ఉండాలి, ఆ మాయ ఏమిటో డీఎంకి తెలిసుండాలి.

పెన్నొడ్డు
మాది నెల్లూరు. మా ఊరి పక్కన పారే పెన్న ఇక్కడ నంది కొండల దగ్గరే పుడుతుందని బెంగళూరు వచ్చాకే తెలిసింది. దక్షిణ పినాకిని కూడా అక్కడే పుట్టి కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. పక్కపక్కన పుట్టిన రెండు నదులు, రెండు వేరు వేరు రేవులు. మా కాంపెయిన్ (చాలా వారాలు సాగే కథ) మ్యాప్ మొత్తం ఈ ఒక్క సంగతి మీదే కట్టాం. కొండ దగ్గర ఒక గుంపు ఏ నది వెంట పోవాలో నిర్ణయించుకోవాలి, ఒకసారి దిగితే రెండోదానికి రావడం కష్టం.

ఏలూరు_టు_ఎలక్ట్రానిక్‌సిటీ
హెక్స్‌లలో ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేసేవాళ్ళు కైఫీయతులు చదవండి. 1799లో టిప్పు పోయాక కాలిన్ మెకంజీ మైసూరు సర్వే మొదలుపెట్టాడు. ఆయన దగ్గర పనిచేసిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య అన్నదమ్ములు మా ఏలూరువాళ్ళు. మెకంజీ కోసం ఊరూరా తిరిగి సేకరించినవే కైఫీయతులు. ఊరికి ఆ పేరెలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి ఎవరు మాన్యం ఇచ్చారు, ఏ పాళెగాడు ఎవరితో కొట్లాడాడు. ఒక్కో ఊరికి ఒక్కో కథ. హెక్స్‌కి రాసే నోట్స్ సరిగ్గా ఇలా ఉండాలి: ఆ చోట ఇప్పుడు ఏ గొడవ నడుస్తోందో, ఎవరు ఎవరికి బాకీనో. "ఇక్కడ అడవి ఉంది" అని రాస్తే ఆట నడవదు.

ఇంకో పని చేశాను. నిధి మ్యాప్ ఇవ్వాల్సిన చోట మ్యాప్ ఇవ్వకుండా రాగి శాసనం ఇచ్చాను. పాత దానశాసనాల్లో పొలం హద్దులు ఎలా చెప్తారో అలా: తూర్పున చింతచెట్టు, ఆగ్నేయాన పాముపుట్ట, దక్షిణాన వాగు, పడమట రెండు గుండ్ల మధ్య దారి. ప్లేయర్లు ఆ మాటలు పట్టుకుని మ్యాప్ వాళ్ళే గీయాలి. చింతచెట్టు ఇప్పుడు లేదు, మోడు ఉంది. పుట్ట ఎవరో తవ్వేశారు. ఆ ఊరి ముసలివాళ్ళని అడిగితేగానీ హద్దులు తేలవు. @కొత్తకోట_డీఎం మీకు ఇది నచ్చుతుంది, ఎందుకంటే ఇక్కడ గీయడమే ఆట.

రూపాయిబిళ్ళ
సామాను సంగతి కాస్త చెప్తా. పోరాటం గడులకి చాలామంది బయటి మ్యాట్‌లు తెప్పిస్తున్నారు. మా వీధి చివర ఫ్లెక్స్ కొట్టే షాపులో 2 అడుగులు, 3 అడుగుల షీట్ మీద అంగుళం గడులు ప్రింట్ చేయించాను. 24 బై 36 గడులు, అంటే ఆటలో 120 బై 180 అడుగులు. ఫైల్ అంగుళానికి 150 పిక్సెల్స్ చొప్పున 3600 బై 5400 ఇస్తే గీతలు పదునుగా వస్తాయి. షాపు వాళ్ళకి "సైజు మార్చొద్దు, సాగదీయొద్దు" అని రెండుసార్లు చెప్పాలి. ఫ్లెక్స్ మీద నేరుగా మార్కర్ వాడకండి, మరక దిగిపోతుంది. డైనింగ్ టేబుల్ మీద వేసే పారదర్శక ప్లాస్టిక్ షీట్ పైన పరిచి దాని మీద గీయండి, అదీ ముందు ఒక మూల పరీక్షించాకే.

మినీలు (క్యారెక్టర్ల చిన్న బొమ్మలు) లేకపోతే ఇప్పటి రూపాయి బిళ్ళ అంగుళం గడిలో చక్కగా పడుతుంది. క్యారమ్ కాయిన్ గడి కంటే కొంచెం పెద్దది, ఓగర్ లాంటి పెద్ద రాక్షసులకి అది. గాబ్లిన్ లాంటి చిన్నవాటికి చింతపిక్కలు.

పెన్నొడ్డు
మ్యాప్ మీద పేర్లు తెలుగులో రాయాలంటే ఏ సాఫ్ట్‌వేర్? నేను వాడేదాంట్లో ఒత్తులన్నీ విడిపోతున్నాయి.

హెక్స్‌పిచ్చి
మ్యాప్ ఎందులోనైనా చేసుకోండి, పేర్లు లేకుండా బొమ్మగా తీసి ఇంక్‌స్కేప్‌లో పేర్లు రాయండి. ఒత్తులు సరిగ్గా వస్తాయి, ఉచితం. ఫాంట్‌లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. పాత మ్యాప్ కళ రావాలంటే శ్రీకృష్ణదేవరాయ, మామూలు ఊళ్ళ పేర్లకి మండలి, రాజ్యాల పేర్లకి రామభద్ర. మొత్తం ప్రపంచం చిటికెలో కావాలంటే అజ్గార్ అనే మ్యాప్ జనరేటర్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. కానీ అది ఇచ్చింది యథాతథంగా పెట్టకండి, మీ ఆట జరిగే పది హెక్స్‌లు చేత్తో మళ్ళీ గీయండి. చేత్తో గీసినప్పుడే ప్రతి వాగు దగ్గరా "ఇక్కడ ఎవరుంటారు" అనే ప్రశ్న వస్తుంది.

కొత్తకోట_డీఎం
ఆదివారం ఆడాం. మీరు చెప్పినవాటిలో కొన్ని పెట్టాను. గుడి డంజన్, లోపలికి మూడు దారులు, కిందికి రెండు. టైమ్ లెక్క మొదలుపెట్టాను. బల్ల మీద ఆరు చింతపిక్కలు పెట్టి టర్న్‌కి ఒకటి తీసేస్తూ వచ్చాను, అయిపోతే టార్చ్ ఆరినట్టు. నాలుగోది తీసేసరికి గొంతులు మారిపోయాయి. గదులు పాచికలమ్మ గారి వరుసలో చెప్పాను, దిక్కులతోనే. ముందు వారం జరిగిన గొడవ మళ్ళీ రాలేదు. గీసే అమ్మాయి ప్రదక్షిణ దారి పూర్తి చేసి "ఈ గోడ మందం ఎక్కువగా ఉంది" అంది. నిజంగానే అక్కడ రెండో మెట్ల దారి ఉంది.

కళ్ళ గురించి అడిగిన అతను మాత్రం ఇంకా ఒప్పుకోవట్లేదు. తనకి బొమ్మ చూస్తేనే ఊహ వస్తుందట. అతని కోసం పోరాటాలప్పుడు టీవీ వాడతాను.

టీవీబల్ల
అతను నా మనిషి. అందరి ఊహా చెవుల్లోంచే రాదు, కొందరికి కళ్ళలోంచి వస్తుంది. అతన్ని తక్కువ చేయకండి.

పాచికలమ్మ
తక్కువ చేయక్కర్లేదు. అతన్నే వచ్చేవారం మ్యాపర్‌గా పెట్టండి. బొమ్మ కావాలనే మనిషి చేతిలోనే పెన్సిల్ ఉండాలి. మా బల్ల మీద ఒక్కో అంతస్తుకి ఒక్కొక్కరు గీస్తారు, దానివల్ల మిగతావాళ్ళకి కూడా దిక్కులు వినే అలవాటైంది.

కొత్తకోట_డీఎం
అది తట్టలేదు. పెడతాను. ఆట అయ్యాక కాగితం ఎవరి దగ్గర ఉండాలి? నా దగ్గరుంటే భద్రంగా ఉంటుంది కానీ వారం మధ్యలో వాళ్ళు చూసుకోలేరు.

గళ్ళకాగితం
వాళ్ళ దగ్గరే. డీఎం ముట్టుకోకూడదు. ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టమనండి, మంగళవారానికల్లా దాని మీద వాదనలు మొదలవుతాయి.

రూల్స్‌బుక్
ఆటలో కూడా ఆ మ్యాప్ ఎవరో ఒక క్యారెక్టర్ సంచిలో ఉన్న వస్తువే. పేరు రాసి పెట్టుకోండి. @పాచికలమ్మ మీరు ఆ బావిలోకి దిగేముందు మ్యాప్‌కి రెండో కాపీ రాయించి పైన ఉండేవాళ్ళకి ఇవ్వండి. తడిస్తే పోతుంది.

పాచికలమ్మ
మైనం పూసిన గొట్టం కొన్నాం. అయినా కాపీ కూడా రాయిస్తాను.